విజయవాడ నుంచి నల్లమల మీదుగా శ్రీశైలానికి రోడ్ బైక్ మీద: ఏ దారి, ఏ నెల, ఏ గేరు?

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. ఆదివారాలు ప్రకాశం బ్యారేజీ దాటి, ఉండవల్లి దగ్గర కరకట్ట పట్టుకుని అమరావతి దాకా వెళ్లొస్తున్నారు. అంటే చదును రోడ్డు మీద 70 కిలోమీటర్లు మీకు అలవాటే. సైకిలు రోడ్ బైక్, ముందు 50, 34 పళ్ల రెండు రింగులు, వెనక 11 నుంచి 28 పళ్ల దాకా ఉన్న క్యాసెట్ (గేరు చక్రాల గుత్తి), 25 మిల్లీమీటర్ల టైర్లు, చక్రం అంచుని నొక్కి ఆపే రిమ్ బ్రేకులు. ఇప్పుడు కొండలెక్కాలని ఉంది. విజయవాడ నుంచి శ్రీశైలం ఒక్క రోజులో తొక్కొచ్చా, నల్లమల మేలా లేక పాపికొండల నేషనల్ పార్కు వైపు మారేడుమిల్లి మేలా, సైకిలుకు ఏం మార్చాలి అని అడిగారు.

ఒక్క రోజులో వద్దు. మొదటిసారి నల్లమలకే వెళ్లండి, మారేడుమిల్లి తర్వాత చూడొచ్చు. వెనక క్యాసెట్ మాత్రం తప్పకుండా మార్చండి. ఎందుకో చెబుతాను, కాస్త పొడుగవుతుంది.

ఘాట్ అనగానే అందరూ ఎత్తెంత, ఏటవాలు ఎన్ని శాతం అనే అడుగుతారు. దోర్నాల నుంచి శ్రీశైలం దారిలో దానికంటే ముందు తేల్చుకోవాల్సింది అటవీ శాఖ గేటు. ఆ రోడ్డు నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం మధ్యలోంచి పోతుంది. విస్తీర్ణంలో దేశంలోకెల్లా పెద్ద టైగర్ రిజర్వు అదే. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా చెక్‌పోస్టు మూసేస్తారు. అందుకని ఈ ప్రయాణానికి లెక్క విజయవాడలో బయల్దేరే గంట నుంచి వేయకూడదు. దోర్నాల గేటు దగ్గర ఉదయం ఆరు గంటలు అని రాసుకుని, అక్కడి నుంచి వెనక్కి వేసుకుంటూ రావాలి.

విజయవాడ నుంచి శ్రీశైలం 260 కిలోమీటర్ల దాకా ఉంటుంది. అందులో చివరి 50 కిలోమీటర్లే అడవి. తెల్లవారుజామున మూడింటికి బయల్దేరి, గుంటూరు, నరసరావుపేట, వినుకొండ మీదుగా గంటకు 20 చొప్పున తొక్కి, టిఫినుకీ నీళ్లకీ మాత్రమే ఆగారనుకున్నా దోర్నాల చేరేసరికి మధ్యాహ్నం మూడు దాటుతుంది. అక్కడి నుంచి అలసిన కాళ్లతో కొండదారి నాలుగు గంటలు. డిసెంబరులో ఆరు కాకముందే పొద్దు గూకుతుంది. గేటు తొమ్మిది దాకా తెరిచే ఉంటుంది కదా అనొచ్చు. అది కార్లకూ బస్సులకూ పనికొచ్చే లెక్క. గంటకు పదో పన్నెండో కిలోమీటర్లు పోయే మనిషి చీకట్లో ఆ అడవిలో ఉండకూడదు. ‘300 కిలోమీటర్ల బ్రెవేకి (గడువులోగా పూర్తి చేయాల్సిన దూరపు సైకిలు ప్రయాణానికి) 20 గంటలిస్తారు, నేను చేయగలను’ అని కొందరు వాదిస్తారు. బ్రెవేలో రాత్రంతా తొక్కుకోవచ్చు. ఇక్కడ రాత్రి మన చేతిలో లేదు.

కాబట్టి రైలెక్కండి. గుంటూరు–నంద్యాల లైనులో మార్కాపురం రోడ్డు స్టేషన్లో దిగండి. సైకిలుని పార్సిల్ ఆఫీసులో లగేజీగా బుక్ చేసి బ్రేక్ వ్యానులో వేయించొచ్చు. లేదా చక్రాలు విప్పి సంచిలో పెట్టుకుని వెంట తీసుకెళ్లొచ్చు. నా ఓటు రెండోదానికే. దిగాల్సిన స్టేషన్లో బండి ఆగే రెండు నిమిషాల్లో సామాను దించారా లేదా అని ప్లాట్‌ఫామ్ చివరిదాకా పరుగెత్తే పని తప్పుతుంది. సంచిలో పెట్టేటప్పుడు వెనక డిరైల్లర్ (చెయిన్‌ని ఒక గేరు నుంచి ఇంకో గేరుకి జరిపేది) ఉన్న వైపు పైకి ఉండేలా చూసుకోండి. దాన్ని ఫ్రేముకి పట్టి ఉంచే హ్యాంగర్ వంగితే దాన్ని సరిచేసేవాళ్లు ఆ దారిలో దొరకరు. మార్కాపురం నుంచి సాయంత్రం చల్లబడే వేళ దోర్నాల దాకా తొక్కితే కాళ్లు కూడా వదులవుతాయి. ఆ రాత్రి దోర్నాలలోనే పడుకోండి.

లేదు, గుంటూరు నుంచే తొక్కుతానంటే రెండు రోజులు చేసుకోండి. మొదటి రోజు వినుకొండ, రెండో రోజు దోర్నాల, మూడో పొద్దున అడవి. మాచర్ల, యర్రగొండపాలెం మీదుగా వచ్చే దారి చూడ్డానికి బాగుంటుంది, పక్కనే సాగర్, ఎత్తిపోతల కూడా చూసుకోవచ్చు. కానీ అది రెంటచింతల మీదుగా పోతుంది. రెంటచింతల ఎండ గురించి గుంటూరు వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ఫిబ్రవరి దాటితే ఆ పేరు ఎత్తకండి.

ఇక గేటు దగ్గర సంగతి. ఆరింటికి ముందే అక్కడ కార్లు, టెంపోలు, బైకులు వరస కట్టి ఉంటాయి. రాత్రి వచ్చి ఆగిపోయినవాళ్లంతా దర్శనం తొందరలో ఉంటారు. గేటు ఎత్తగానే గుంపుగా దూసుకుపోతారు. మీరు ఆ గుంపులో ఉండొద్దు. పక్కన టీ తాగుతూ ఇరవై నిమిషాలు ఆగండి. ఆ అల వెళ్లిపోయాక రోడ్డు ఒక్కసారిగా ఖాళీ అవుతుంది. టైర్ల చప్పుడు, పిట్టల అరుపులు తప్ప ఏమీ వినపడని సమయం ఆ రోడ్డు మీద అదే. అయితే శ్రీశైలం వైపు నుంచీ ఆరింటికే వదులుతారు. ఆ రెండో అల ఏడు ప్రాంతంలో మీకు ఎదురొస్తుంది, అదీ దిగే ఊపులో. ఆ అరగంట మలుపుల్లో పూర్తిగా ఎడమ అంచున ఉండండి. బస్సు మలుపు తిరగాలంటే రోడ్డు మొత్తం కావాలి. హారన్ వినపడితే మలుపు లోపలికి దూరకుండా ముందే ఆగి దారివ్వండి. చెక్‌పోస్టు సిబ్బందితో ముందురోజు సాయంత్రమే ఒక మాట మాట్లాడి ఉంచితే మంచిది. జంతువు కదలికలుంటే వాళ్లకు తెలుస్తుంది. వద్దంటే వద్దనే. వాదన పెట్టుకోకండి.

దారి తీరు చెప్పాలంటే, దోర్నాల దాటాక కాసేపు మామూలుగానే సాగి తర్వాత ఘాట్ అందుకుంటుంది. తిరుమల ఘాట్‌లా ఒకే ఊపున పైకెక్కి అయిపోయే రకం కాదిది. ఎక్కాక మళ్లీ దిగడం, దిగాక మళ్లీ ఎక్కడం. చింతల, చిన్నారుట్ల, తుమ్మలబైలు పేర్లు దాటుకుంటూ పోతుంటే ప్రతిసారీ ఇక అయిపోయింది అనిపిస్తుంది, మరో ఎత్తు ఎదురవుతుంది. చదునుకి అలవాటైనవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. మొదటి ఎక్కుడులో గుండె నోట్లోకి వచ్చేలా తొక్కి, ఇరవయ్యో కిలోమీటరు దగ్గర కూలబడతారు. మొదటి గంట ఎంత మెల్లగా అంటే, పక్కన మనిషి ఉంటే తెగకుండా కబుర్లు చెప్పగలిగేంత మెల్లగా పోవాలి. శ్రీశైలానికి 8 కిలోమీటర్ల ముందు శిఖరం వస్తుంది. శిఖర దర్శనం చేసుకుంటే పునర్జన్మ ఉండదని అందరూ అక్కడ ఆగుతారు. కార్లు మలుపులోనే నిలిపేస్తారు, తలుపులు చూడకుండా తీస్తారు. ఆ పునర్జన్మ లేకపోవడం మనకు తొందరగా రాకుండా చూసుకోవాలి. అక్కడి నుంచి హఠకేశ్వరం, సాక్షి గణపతి మీదుగా దిగుడే.

ఆ దిగుడే తిరుగు ప్రయాణంలో మొదటి ఎక్కుడు అవుతుందని చాలామంది లెక్కలో వేసుకోరు. శ్రీశైలంలో నిద్ర లేచి, ఇంకా వేడెక్కని కాళ్లతో మొదటి కిలోమీటరు నుంచే శిఖరం దాకా ఎక్కాలి. అందుకే అదే రోజు తిరిగి రావాలన్న ఆలోచన మానండి. పొద్దున పదీ పదిన్నరకు చేరతారు, తిని దర్శనం చేసుకునేసరికి రెండు దాటుతుంది. ఆ వేళకు మళ్లీ అడవిలోకి దిగితే సాయంత్రం జంతువులు రోడ్డు దాటే సమయానికి మధ్యలో ఉంటారు. సత్రంలో పడుకుని మర్నాడు పొద్దున్నే రండి.

నెల సంగతి. నల్లమల ఆకు రాల్చే అడవి. టేకు, మద్ది అన్నీ మాఘం దాటేసరికి బోడిగా నిలబడతాయి. ఫోటోల్లో పచ్చటి నీడ చూసి మార్చిలో వెళ్తే తల మీద సూర్యుడు, కింద తారు, మధ్యలో మీరు. అడవిలో నిప్పు పడే కాలం కూడా అదే. వర్షాకాలంలో పచ్చగా ఉంటుంది గానీ డ్యాం గేట్లు ఎత్తారని వార్త వస్తే చాలు, హైదరాబాదు వైపు నుంచీ మనవైపు నుంచీ కార్ల తిరునాళ్లే. శ్రీశైలం జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. పేపర్లో నీటిమట్టం ఆ అంకెకు దగ్గరవుతోందని కనపడితే ఆ వారం వెళ్లకండి. అక్టోబరు, నవంబరుల్లో తుపాన్లు. గట్టి వాన తర్వాత ఘాట్‌లో రాళ్లు దొర్లి పడతాయి. కార్తీకం మొత్తం, అందులోనూ సోమవారాలు, అసలు వద్దు. శివరాత్రి, ఉగాది సరేసరి. కన్నడ దేశం నుంచి నడిచొచ్చే భక్తులతో ఉగాదికి ముందు శ్రీశైలం నిండిపోతుంది. ఇవన్నీ తీసేస్తే మిగిలేది కార్తీకం వెళ్లిపోయిన దగ్గర్నుంచి భోగి ముందు దాకా. అందులో మంగళవారం నుంచి గురువారం మధ్య. జనవరి ఒకటి మినహా.

ఇప్పుడు గేర్లు. 34 ముందు, 28 వెనక వేసి పెడల్ ఒక చుట్టు తిప్పితే సైకిలు రెండున్నర మీటర్లు కదులుతుంది. నిమిషానికి 60 చుట్లు తిప్పగలిగితే గంటకు 9 కిలోమీటర్ల పైచిలుకు. మీరు, సైకిలు, నీళ్లు, సంచి కలిపి 80 కిలోలనుకుంటే 7 శాతం ఎత్తులో ఆ వేగానికి 150 వాట్ల దాకా కావాలి. వెనక 34 పళ్లుంటే అవే 60 చుట్లకు వేగం ఏడున్నరకు దిగి, పని 125 వాట్లకు తగ్గుతుంది. పాతిక వాట్లే కదా అనిపిస్తుంది. నాలుగు గంటల ప్రయాణంలో మోకాలు నిలబడుతుందా లేదా అనేది ఆ పాతికే తేలుస్తుంది. బలం సరిపోనప్పుడు మనిషి చేసే పని చుట్లు 45కో 40కో తగ్గించి పెడల్‌ని నొక్కడం, అప్పుడు మోకాలి చిప్ప చుట్టూ నొప్పి మొదలవుతుంది. 11-32 గానీ 11-34 గానీ వేయించండి. వెనక డిరైల్లర్ పొట్టి కేజ్‌ది (చెయిన్‌ని బిగువుగా ఉంచే కింది చట్రం పొట్టిది) అయితే 34ని అందుకోదు, అదీ మార్చాలి. చెయిన్ పొడవు కూడా సరిచూడమనండి. షాపులో పని అయ్యాక పెద్ద పళ్ల మీద మీరే తిప్పి చూసుకుని ఇంటికి తెచ్చుకోండి. మూడు రింగుల హైబ్రిడ్ సైకిలు ఉన్న స్నేహితుడు మీతో వస్తానంటే నవ్వకండి. ముందు 28 పళ్ల రింగుతో ఆయన మీకంటే హాయిగా ఎక్కుతాడు.

టైర్లు మీ ఫ్రేములో పడితే 28కి మార్చండి. ఘాట్ కంటే ముందు పల్నాడు, మార్కాపురం వైపు రోడ్ల అంచున సర్కారు తుమ్మ ఉంటుంది. ఆ ముల్లు పంక్చరు చేసి ఊరుకోదు, టైరులోనే ఉండిపోతుంది. కొత్త ట్యూబు వేసిన పది నిమిషాలకు మళ్లీ గాలి పోయేది అందుకే. ట్యూబు మార్చేటప్పుడు టైరు లోపలంతా పాత బనీను ముక్కతో తుడవండి. ముల్లు మొన ఎక్కడుంటే గుడ్డ అక్కడ పట్టుకుంటుంది. వేలితో తడిమితే దొరకదు, దొరికితే వేలు తెగుతుంది. రెండు ట్యూబులు, ప్యాచులు, పంపు, తెగిన చెయిన్‌ని కలిపే క్విక్ లింక్ ఒకటి మీ దగ్గరే ఉండాలి. దోర్నాలలో 700 సైజు సన్న ట్యూబు దొరుకుతుందని ఆశ పెట్టుకోకండి. మీ ట్యూబుకుండే సన్నటి ప్రెస్టా వాల్వుకి మామూలు పంపు పట్టేలా చిన్న ఇత్తడి అడాప్టరు ఒకటి జేబులో వేసుకోండి. కిళ్లీ డబ్బాలో సున్నం పట్టేంత చోటు కూడా పట్టదు.

రిమ్ బ్రేకులు భయపడాల్సినవేం కాదు, వాడే పద్ధతి తెలిస్తే. దిగుడంతా బ్రేకు పట్టుకునే ఉంటే రిమ్ వేడెక్కి ట్యూబు పేలుతుంది. మలుపుకు ముందు గట్టిగా పట్టి వేగం తగ్గించండి, మలుపులో వదిలేయండి, తర్వాత గాలి తగలనివ్వండి. చేతులు డ్రాప్స్ మీద, అంటే హ్యాండిల్ కింది వంపుల మీద ఉంటే లీవరు మీద పట్టు వస్తుంది. బయల్దేరే ముందు ప్యాడ్లలో అల్యూమినియం పొళ్లు ఇరుక్కున్నాయేమో సూదితో తీసి చూడండి. కార్బన్ రిమ్ములు ఇంట్లో పెట్టండి.

నీళ్లు రెండు బాటిళ్లూ నింపుకుని, ఇంకో లీటరు వెంట ఉంచుకోండి. అడవి మధ్యలో సిగ్నల్ ఉండదు, కొట్లుంటాయన్న నమ్మకమూ పెట్టుకోకూడదు. లీటరు నీళ్లకని రాసి ఉన్న ఓఆర్‌ఎస్ ప్యాకెట్ లీటరు నీళ్లలోనే కలపండి, నీళ్లు తగ్గించొద్దు. తిండికి పల్లీ చిక్కీ, ఖర్జూరం. అరటిపండ్లు గేటు ముందే తినేయండి. కోతులు వాటిని దూరం నుంచే పసిగడతాయి. జెర్సీ వెనక జేబులో ఏం పెట్టినా లాగేస్తాయి, సీటు కింది సంచి జిప్పు తీయడం కూడా వాటికి వచ్చు. వాటికి తిండి పెట్టకండి. కారులోంచి విసిరే బిస్కెట్ల వల్లే అవి రోడ్డెక్కి కూర్చుంటున్నాయి. ప్లాస్టిక్ కవర్లు ఎన్ని తీసుకెళ్లారో అన్నీ వెనక్కి తీసుకురండి.

పులి గురించి అందరూ అడుగుతారు. పగటిపూట ఆ రోడ్డు మీద మీకు కనపడే అవకాశం చాలా తక్కువ. ఎలుగుబంటి, అడవిపంది, దుప్పుల గుంపు అంటారా, అవి చూసుకోవాల్సినవి. ఏది కనపడినా ఆగండి, దిగండి, సైకిలు మీకూ దానికీ మధ్య ఉండేలా పట్టుకోండి. వెనక్కి తిరిగి పరుగెత్తొద్దు, ఫోను తీయొద్దు. బస్సో లారీయో వచ్చేదాకా ఆగి, దాని వెంట కదలండి. పిల్లతో ఉన్న ఎలుగు అయితే ఇంకా దూరం. రోడ్డు దిగి అడవిలోకి అడుగు పెట్టడం నేరం కూడా. చెంచు గూడేల దగ్గర వేగం తగ్గించండి. పిల్లలు, కుక్కలు రోడ్డు మీదే ఉంటారు. అడక్కుండా వాళ్ల ఫోటోలు తీయకండి.

ముందు తయారీకి దగ్గర్లోనే కొండలున్నాయి. ఇంద్రకీలాద్రి ఘాట్ వద్దు, అది భక్తుల రద్దీ దారి. నరసరావుపేట పక్కన కోటప్పకొండ ఘాట్ మీకు సరిపోతుంది. పొద్దున్నే వెళ్లి ఎక్కి దిగి, మళ్లీ ఎక్కి దిగి, మూడోసారి కూడా కూర్చునే ఎక్కగలిగితే, మర్నాడు మోకాళ్లు మాట్లాడకపోతే నల్లమలకు సిద్ధమైనట్టే. తర్వాత కొండవీడు ఘాట్ చూడండి. అక్కడి మలుపులు ఇంకా నిలువు. దిగడం నేర్చుకోవడానికి అదే మంచి చోటు. రెండూ ఒకే రోజు పెట్టుకుంటే తల ప్రాణం తోకకొస్తుంది.

శ్రీశైలం తేలిగ్గా అయిపోయింది అనిపిస్తే తర్వాతి మెట్టు దోర్నాల–ఆత్మకూరు దారి. రోళ్లపెంట ఘాట్, బైర్లూటి మీదుగా అదీ టైగర్ రిజర్వులోంచే పోతుంది, రాత్రి మూతే. శ్రీశైలం జనం లేరు కాబట్టి ప్రశాంతం, అదే కారణంగా ఏదైనా అయితే సాయం ఆలస్యం. ఇద్దరికి తక్కువగా వెళ్లకండి. ఆత్మకూరు నుంచి వెలుగోడు మీదుగా నంద్యాల చేరి, మర్నాడు గాజులపల్లె, పచ్చర్ల, దిగువమెట్ట మీదుగా గిద్దలూరుకి మళ్లీ నల్లమల దాటితే పెద్ద చుట్టు పూర్తవుతుంది. ఆ చివరి ఘాట్‌లో లారీలు ఎక్కువ, నాకు అంత ఇష్టం లేదు. దాని బదులు నంద్యాలలో రైలెక్కి అదే అడవిని బొగద సొరంగం మీదుగా కిటికీలోంచి చూస్తూ గుంటూరు చేరడం మేలు.

మారేడుమిల్లి సంగతి వేరు. పాపికొండలను నేషనల్ పార్కుగా 2008లో ప్రకటించారు. రాజమహేంద్రవరం నుంచి గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి దాదాపు 85 కిలోమీటర్లు. అక్కడిదాకా వార్మప్ అనుకోండి, అసలు ఘాట్ మారేడుమిల్లి దాటాక చింతూరు వైపు. నల్లమలతో పోలిస్తే నీడ ఎక్కువ, తేమ ఎక్కువ, మలుపులు ఇరుకు. నీడలో పాచి పట్టిన తారు మీద సన్న టైరు జారుతుంది. వాన పడితే రిమ్ బ్రేకు పట్టేసరికి చక్రం ఒకటి రెండు చుట్లు తిరిగిపోతుంది. మీ సైకిలుతో మొదటి ఘాట్‌గా దీన్ని వద్దన్నది అందుకే. వానాకాలంలో శబరి పొంగితే చింతూరు దగ్గర రోడ్డే మునిగిపోతుంది. ఆ వైపు మలేరియా కూడా ఉంది, దోమల మందు రాసుకోకుండా పడుకోవద్దు.

వెళ్తే డిసెంబరులో, మారేడుమిల్లిలో రాత్రి ఉండి, పొద్దున చింతూరు వైపు సగం దాకా దిగి అదే దారిన ఎక్కి రండి. ముందు దిగుడు, తర్వాత ఎక్కుడు కాబట్టి ఓపిక మొత్తం దిగేటప్పుడే ఖర్చు చేయొద్దు. చింతూరు దాకా పోయారంటే భద్రాచలం, తిరువూరు మీదుగా ఇబ్రహీంపట్నం వచ్చే జాతీయ రహదారి ఉంది గానీ అది మరో రెండు రోజుల పని. బొంగు చికెన్ ఎక్కి వచ్చాకే తినండి.